గటక లేని పటం

మా పై వాటాలో అద్దెకుండే పరిశోధక విద్యార్థి ఆదివారం ల్యాప్‌టాప్ పట్టుకుని కిందికి దిగాడు. "అంకుల్, జొన్న మీద వచ్చిన పేపర్లన్నీ ఒక్క పటంలో పెట్టిన, చూడుండ్రి."

తెర నిండా చుక్కలే. ఒకే వ్యాసంలో కలిసి కనబడ్డ మాటల మధ్య గీత. ఎన్నిసార్లు కలిస్తే గీత అంత లావు. సంవత్సరాలు జరుపుతుంటే గుంపులు ఉబ్బుతున్నాయి, చిక్కిపోతున్నాయి. మొదట దిగుబడి, మొవ్వు ఈగ, గింజ బూజు. 2009లో జొన్న జన్యుక్రమం వెలువడ్డాక జన్యువులు. ఇటు చివర ఇనుము, జింకు. 1964లో యూజీన్ గార్ఫీల్డ్ సైన్స్ సైటేషన్ ఇండెక్స్ తెచ్చిన నాటి నుంచీ దీనికి దగ్గరి పని ఇంకోటి నడుస్తోంది: ఎవరు ఎవరిని ఉదహరించారో పట్టుకుపోతే ఆలోచన నడిచిన దారి దొరుకుతుంది.

నాకు కోపమొచ్చింది. "ఇండ్ల మా అవ్వ ఏదిరా?" అన్నాను.

మా బీరంగూడకు దగ్గర్లో మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ 1972లో వచ్చింది. అంతకు ఎంతో ముందే అవ్వ కోతకు వారం ముందు చేను కలియదిరిగేది. నచ్చిన కంకికి పాత చీర పేలిక కట్టేది. కోశాక వాటిని పొయ్యి మీది వాసానికి, పొగ తగిలేలా వేలాడదీసేది. గింజ రాల్చి, బూడిద కలిపి, కుండలో పోసి, మూతికి పేడ మెత్తేది. విత్తనమంటే ఆడవాళ్ల చదువని ఈ కాలమ్‌లో ఎన్నిసార్లు రాశానో మీకు తెలుసు. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ సంఘాల మహిళలు ఆ చదువును ఇంకా చేతుల్లోనే ఉంచుకున్నారు. పేపరు రాయని మనిషికి ఏ పటంలో చుక్క పడుతుంది?

ఆ పట్టుదలతోనే రాత్రి నా కత్తిరింపుల ఫైలు తీసి, ఒక తెల్ల కాగితం మీద అదే లెక్క చేత్తో వేశాను. 2017 దాకా జొన్నలాంటి వాటికి నేను రాసిన పేరు 'ముతక ధాన్యాలు'. 2018 ఏప్రిల్‌లో కేంద్రం వాటిని పోషక ధాన్యాలుగా ప్రకటించింది. ఆ ఏడాది నుంచి నా రాతలో 'ముతక' ఒక్కసారి కూడా లేదు. మాట మార్చుకున్న సంగతి నాకే గుర్తులేదు; పటం పట్టిచ్చింది.

అవ్వ ఆ రెండు మాటలూ ఎన్నడూ అనలేదు. ఆమె అన్నది జొన్న, దాంతో వండే గటక. జొన్న అన్నిచోట్లా ఉంది. గటక కోసం ఫైలు రెండుసార్లు తిరగేశాను. లేదు.

తెల్లారి పైకెళ్లి ఆ కాగితం అబ్బాయి చేతిలో పెట్టి, పక్కన కూర్చున్నాను.