హైకోర్టు వరండా

కింది కోర్టు తీర్పును పైకోర్టు మళ్లీ పరిశీలించాలని కోరడమే అప్పీలు కాగా, అందుకోసం కర్నూలు పక్కనున్న కల్లూరు కక్షిదారు వెళ్లవలసిన హైకోర్టు ఇప్పటికి నాలుగు ఊళ్లు మారింది. మొదటిది 1862లో ఏర్పడిన మద్రాసు హైకోర్టు. రాజధాని, హైకోర్టు కోస్తా, రాయలసీమల్లో చెరొకచోట ఉండాలన్న 1937 నాటి శ్రీబాగ్ ఒడంబడిక మేరకు 1953లో కర్నూలు రాజధాని అయింది. మరుసటి ఏడాది జూలై 5న హైకోర్టు గుంటూరులో వెలసింది. 1956లో అది హైదరాబాదుకు, 2019లో అమరావతికి చేరింది.

వీటిలో మద్రాసు, హైదరాబాదు భవనాలు ఇండో సారసెనిక్ శైలివి. అంటే మొగలాయి, రాజపుత్ర కట్టడాల గుమ్మటాలను, కమానులను పాశ్చాత్య భవన ప్రణాళికతో కలిపి, బ్రిటిషు కాలపు వాస్తుశిల్పులు తీర్చిన పద్ధతి. 1892లో తెరిచిన మద్రాసు భవనపు ఎర్ర ఇటుక గోపురం మీది దీపం ఓడలకు కూడా దారి చూపింది. మూసీ దక్షిణపు ఒడ్డున హైదరాబాదు భవనానికి జయపురానికి చెందిన శంకర్ లాల్ నమూనా గీయగా, విన్సెంట్ ఎష్ పర్యవేక్షణలో 1915లో మొదలైన పని 1919లో ముగిసింది. మరుసటి ఏడాది నిజాం ఉస్మాన్ అలీఖాన్ దానిని ప్రారంభించాడు. చూపరుల కన్ను గుమ్మటాల మీదికే పోతుంది కానీ, ఈ కట్టడాల అసలు గొప్పతనం కమానుల వెనుక సాగే వరండాలలో ఉంది. అవి ఎండను లోపలి గోడల దాకా రానివ్వవు, పిలుపు కోసం గంటల తరబడి ఎదురుచూసే మనిషికి నీడనిస్తాయి. వాయిదాకు వచ్చినవాడు రోజులో ఎక్కువ భాగం గడిపేది న్యాయమూర్తి ఎదుట కాదు, అక్కడే.

కర్నూలులో హైకోర్టు బెంచి, అంటే ప్రధాన స్థానానికి వెలుపల అదే హైకోర్టు న్యాయమూర్తులు కూర్చునే శాఖ, ఏర్పాటు చేయాలని 2024 నవంబరులో రాష్ట్ర శాసనసభ తీర్మానించింది. ఈ సీమలో రాతికి కొదవ లేదు. పొరలు పొరలుగా విడివడే బేతంచెర్ల నాపరాయిని పరిచిన నేల మీద మండు వేసవిలోనూ, నీడ ఉన్నంతమేర, ఉత్తి కాళ్లతో నిలబడవచ్చు. కనుక ఆ బెంచికి భవనం తలపెట్టేవారు అద్దాల గోడల మోజు మాని, నాపరాళ్లు పరిచిన వెడల్పాటి వరండాలనూ, కూర్చోవడానికి అరుగులనూ, తాగడానికి నీళ్లనూ మొదటి నక్షాలోనే చేర్చాలి.