తెల్ల కాగితం మీద నాట్యం: టొనిటా పేన్యా చిత్రాలపై ఒక దైవశాస్త్ర విమర్శ

సందర్భీకరణను గురించి మన సెమినరీలలో చర్చ వచ్చినప్పుడల్లా నాట్యం, వాద్యం రెండు ప్రశ్నలకే పరిమితమవుతున్నాయి. ఇది విగ్రహారాధనా? కాకపోతే సువార్తకు ఎట్లా వాడుకోవచ్చు? మొదటిది నిషేధానికి, రెండవది వాడకానికి దారితీస్తుంది. ఈ రెండింటికంటే ముందు అడగవలసినది మరొకటుంది: పరుల ఆరాధనను మనం ఎక్కడ నిలబడి చూస్తున్నాం, ఎంతవరకు చూడడానికి మనకు అనుమతి ఉంది? ఈ ప్రశ్నను నా ముందు స్పష్టంగా ఉంచినవి అమెరికాలోని న్యూమెక్సికో రాష్ట్రానికి చెందిన ఆదివాసి స్త్రీ టొనిటా పేన్యా (1893–1949) వేసిన నాట్య చిత్రాలు.

ప్యూబ్లో అంటే స్పానిషు భాషలో ఊరు. మట్టి మిద్దెలు కట్టుకొని, వానలు తక్కువైన నేలలో మొక్కజొన్న పండించుకొనే ప్రజలకు స్పెయిన్ వారు పెట్టిన పేరు అదే. పేన్యా శాన్ ఇల్డెఫాన్సో ప్యూబ్లోలో పుట్టింది. తేవా భాషలో ఆమె పేరు క్వా ఆ. ఊరి బడిలో ఎస్తేర్ హోయిట్ అనే ఉపాధ్యాయిని పిల్లలకు రంగులిచ్చి బొమ్మలు వేయించేది. తల్లి చనిపోయిన తరువాత పేన్యా కోచిటీ ప్యూబ్లోలో, కుండల పనిలో పేరున్న బంధువు మార్టినా వీహిల్ ఇంట పెరిగింది. ఆ సమాజంలో కుండల మీది రేఖలు స్త్రీల పని, మనుష్య రూపాలు వేయడం పురుషుల పని. ఆ తరంలో కాగితంపై నీటిరంగులతో నాట్యాలు చిత్రించిన ఆవా త్సిరే, క్రెసెన్షియో మార్టినెజ్, ఫ్రెడ్ కబోటీ అందరూ పురుషులే. వారి మధ్య ఆమె ఒక్కతే స్త్రీ. బిడ్డల్ని పెంచుతూ, ఇద్దరు భర్తల్ని పోగొట్టుకొని కూడా ఆమె ఈ పని మానలేదు.

మొక్కజొన్న నాట్యాన్ని ఆమె పలుమార్లు వేసింది. అందుచేత ఏదో ఒక ప్రతిని కాక, వాటి సామాన్య నిర్మాణాన్నే ఇక్కడ పరిశీలిస్తున్నాను. స్త్రీ పురుషులు వరుసలు తీరి ఉంటారు. స్త్రీల తలలపై మెట్లుమెట్లుగా కోసి రంగువేసిన చెక్క కిరీటాలు, ఒంటిపై నల్లని వస్త్రం, నడుముకు ఎర్ర దట్టీ, చేతుల్లో పచ్చని కొమ్మలు. పాదాలకు ఏమీ ఉండదు. పురుషులకు తెల్లని నడుము వస్త్రం, వెనుక వేలాడే నక్కతోలు, చేతిలో సొరబుర్ర గిలక. వివరాలలో ఆమె ఎక్కడా అశ్రద్ధ చేయదు. దట్టీ కుచ్చులను కూడా ఓపికగా వేస్తుంది. ఆ శ్రద్ధ చూచేవాడి కోసం కాదు, ధరించిన వారి కోసం అనిపిస్తుంది.

అయితే ఇంత చేసిన చేయి వెనుక భాగంలో ఏమీ వేయలేదు. ఆకాశం లేదు, మిద్దెలు లేవు, నేల లేదు, చూచేవారు లేరు. మనుష్యులు తెల్ల కాగితం మీద నిలిచి ఉంటారు. ఈ తెల్లదనమే ఈ చిత్రాలలో నాకు అన్నిటికంటే ముఖ్యం. ఎడ్గర్ లీ హెవెట్ వంటి పురావస్తు శాస్త్రజ్ఞులు ఇటువంటి చిత్రాలను కొని ప్రోత్సహించారు. కలుషితం కాని ఆదివాసి కళ కావాలనే కోరిక ఆనాటి కొనుగోలుదారులలో బలంగా ఉండేది. ఖాళీ నేపథ్యం ఆ కోరికకు అనుకూలించిన మాట నిజమే. కాని అంతటితో విషయం తీరదు.

ఆ కాలాన్ని చూడాలి. 1883లోనే అమెరికా ప్రభుత్వం ఆదివాసి నాట్యాలను కొన్నింటిని నేరాలుగా లెక్కగట్టింది. 1921లో ఆదివాసి వ్యవహారాల కమిషనర్ చార్లెస్ బర్క్ నాట్యాలను అరికట్టాలని ఉత్తర్వు పంపాడు. 1923లో దానికి చేర్చిన అనుబంధం మిషనరీల సిఫారసులమీద ఆధారపడినది. నాట్యం నెలకు ఒకటే, అదీ పగటివేళ. జూన్, జూలై, ఆగస్టులలో అసలు వద్దు. యాభై ఏండ్లలోపు వారు పాల్గొనరాదు. కోచిటీలో మొక్కజొన్న నాట్యం జరిగేది జూలై 14న. పేన్యాకు అప్పటికి ముప్పయి ఏండ్లు. ఆ ఉత్తర్వు ప్రకారం ఆ రోజు, ఆ వయసు రెండూ తప్పే. ప్యూబ్లో ప్రజలు ఎదిరించారు. 1934లో జాన్ కాలియర్ ఆదివాసుల మతస్వేచ్ఛను గౌరవించాలని వేరే ఉత్తర్వు ఇచ్చాడు.

మిషనరీలు నాట్యాన్ని గూర్చి రహస్యాలు సేకరించి నివేదికలు నింపుతున్న కాలంలో, ఈ స్త్రీ బయటివారు చూడడానికి అనుమతి ఉన్న నాట్యాలనే వేసింది. హద్దు దాటితే ఏమవుతుందో ఆ చిత్రకారులకు తెలుసు. జియా ప్యూబ్లో వారి సూర్యచిహ్నాన్ని పరులకు ఇచ్చాడని వెలినో షిజే హెర్రెరాపై సొంత జనమే నింద మోపారు. ఈ వెలుగులో చూస్తే పేన్యా తెల్ల కాగితం కేవలం అలంకారం కాదు. ఇంతవరకు చూడండి, ఇక్కడితో ఆగండి అని చెప్పే గీత అది.

నా అభ్యంతరం కూడా చెప్పాలి. జూలై 14 కోచిటీ పాలక పునీతుడైన బొనవెంతురా పండుగ. ఆ రోజు మాస్ జరిగిన తరువాత స్వరూపాన్ని కొమ్మల పందిరిలో ఉంచి, దాని ఎదుట ఈ నాట్యం చేస్తారు. 1680లో ఫ్రాన్సిస్కన్ మిషన్లపై తిరగబడిన ప్రజలే తరువాతి తరాలలో గుడిని, నాట్యాన్ని ఒకే రోజులో ఇముడ్చుకున్నారు. దైవశాస్త్ర విద్యార్థికి ఇదే గొప్ప పాఠం. తెల్ల నేపథ్యంలో ఆ పందిరి కూడా మాయమైంది. రహస్యాన్ని కాపాడిన ఖాళీయే, బహిరంగంగా ఉన్న క్రైస్తవ చిహ్నాన్ని కూడా మింగింది. ఇందులో కొన్నవారి ఒత్తిడి ఎంతో, ఆమె ఇష్టం ఎంతో చిత్రం చెప్పదు. కాని ఫలితం ఒక్కటే: రెండు లోకాలలో బ్రతికిన మనుష్యులు ఒకే లోకానికి చెందినవారుగా కనిపిస్తారు.

ఈ సంగతి ఉదయగిరి, ఆత్మకూరు సంఘాలకు దూరం కాదు. వాన కోసం విరాటపర్వం చదివించడం, కప్పతల్లి ఆట, ఉపవాస ప్రార్థన అన్నీ తెలిసిన మెట్ట ప్రాంతం మనది. మొక్కజొన్న నాట్యం వాన ప్రార్థన అని ఇక్కడివారికి వివరించనక్కరలేదు. అయితే దానిని తెచ్చి మన డప్పుకు (మన వైపు పలక) నేరుగా అతికించడం తొందరపాటు. 1840లో శామ్యూల్ డే నెల్లూరులో మొదలుపెట్టిన అమెరికన్ బాప్తిస్టు మిషను తరువాత ఉదయగిరికి, ఆత్మకూరుకు వ్యాపించింది. ఒంగోలు వైపు క్లౌదొర కాలంలో మాదిగ విశ్వాసులకు మూడు నియమాలు ఉండేవి: ఆదివారం పని చేయరాదు, చచ్చిన పశువు మాంసం తినరాదు, విగ్రహాలకు మ్రొక్కరాదు. జాతరలో డప్పు కొట్టనన్నందుకు వారు గ్రామ పెద్దల చేత దెబ్బలు తిన్నారు. ప్యూబ్లో వారికి నాట్యం సొంత ఇష్టం, దానిని ఆపినది పరాయి అధికారం. మన పెద్దలకు డప్పు కులం మోపిన చాకిరీ, దానిని దించినది బాప్తిస్మం. ఈ తేడాను మరచి, 1990ల నుండి డప్పును తిరిగి గుడిలోకి తెచ్చిన ఉత్సాహాన్ని పొగడితే, దించుకున్నవారి ధైర్యాన్ని చులకన చేసినట్లవుతుంది. సత్యనాథన్ క్లార్క్ 1998లో తన గ్రంథంలో తమిళ పరయుల డప్పును క్రీస్తుకు ప్రతీకగా వివరించాడు. అది బలమైన ఆలోచనే. కాని ప్రతీకను ఎన్నుకునే హక్కు పండితునిదా, చేతికి కాయలు కాచినవానిదా అన్నది మిగిలే ఉంది.

2 సమూయేలు 6లో మీకాలు కిటికీలో నుండి దావీదు నాట్యాన్ని చూచి మనస్సులో హీనపరచింది. ప్రసంగీకులు ఆమె గర్వాన్నే ఎత్తిచూపుతారు, కిటికీని వదిలేస్తారు. ఆమె సమూహంలో లేదు, పైనుండి చూచింది. బర్క్ ఉత్తర్వుకు సిఫారసులిచ్చినవారూ, బొమ్మలు కొని దాచుకున్నవారూ అటువంటి కిటికీల దగ్గరే నిలిచారు. పేన్యా ఆ ప్రజలలోనిది గనుక ఏది చూపవచ్చో ఆమెకు తెలుసు.

మన గూడెంలో చావుకు ఒక దెబ్బ, పెండ్లికి ఒక దెబ్బ, జాతరకు ఒక దెబ్బ వేరువేరుగా ఉన్నాయి. ఆరాధనలో డప్పు గురించి తీర్మానం వ్రాసే ముందు కమిటీవారు ఆ పెద్దల దగ్గర కూర్చొని, ఏ దెబ్బ గుడిలో వినిపించవచ్చో, ఏది వద్దో వారినే అడగాలి. వద్దన్న దాని అర్థాన్ని వివరంగా వ్రాసి పత్రికకు పంపనక్కరలేదు.