ఫోర్కు సంగతి తర్వాత

విదేశానికి మొదటిసారి బయల్దేరేవాళ్లు మణుగూరులో నన్ను అడిగే ప్రశ్నల్లో సగం తిండి గురించే. ఫోర్కు ఏ చేత్తో పట్టుకోవాలి, చేత్తో కలుపుకుని తింటే నవ్వుతారా, విమానంలో అన్నం పెడతారా. బడిలో పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి కదా, ఏదడిగినా చెప్తాడనే నమ్మకం జనానికి ఇంకా పోలేదు. సింగరేణిలో చేసి దిగిపోయిన పీవీ కాలనీ దంపతులు అమెరికాలో ఉన్న కూతురి దగ్గరికి పోతూ వస్తారు. ఓపెన్‌కాస్టులో కాంట్రాక్టరు దగ్గర డంపర్ నడిపిన కుర్రాడు దుబాయ్ పోతూ వస్తాడు. "సార్, అక్కడ ఎట్లా ఉండాలో నాలుగు ముక్కలు చెప్పండి" అంటారు. ఆ నాలుగు ముక్కలు ఏవో ఎంచుకోవడంలోనే పనంతా ఉంది.

అవతలివాళ్లు నవ్వి ఊరుకునే తప్పులు కొన్ని ఉంటాయి. పోలీసు స్టేషన్‌కో, తిరుగు విమానానికో పంపే తప్పులు కొన్ని ఉంటాయి. మనవాళ్లు మొదటివాటికి భయపడతారు, రెండోవాటిని పట్టించుకోరు. ఫోర్కు కింద పడితే ఇంకోటి తెచ్చిస్తారు. అమ్మ ప్రేమగా సర్దిన మసాలా పొట్లం అలా కాదు. అందుకే గల్ఫ్ పోయేవాళ్లకు నా మొదటి మాట గసగసాల మీద. మన కోడికూరకు చిక్కదనం ఇచ్చే ఆ గింజలు నల్లమందు మొక్కవి. యూఏఈ, సౌదీల్లో వాటిని మాదకద్రవ్యాల కింద లెక్కేస్తారు. కూరలోకి తెచ్చుకున్నానంటే వినే నాథుడు ఉండడు. విడిగా పట్టుకెళ్లకపోయినా, ఇంట్లో దంచిన మసాలా పొడిలో కలిశాయేమో అమ్మను అడిగి మరీ సర్దుకోవాలి.

మందులదీ అదే కథ. నడుం నొప్పికి వాడే ట్రమడాల్, కొన్ని దగ్గు మందుల్లో ఉండే కోడీన్, నిద్ర పట్టడానికి వేసుకునే ఆల్ప్రజోలామ్ లాంటివి యూఏఈలోకి తీసుకెళ్లాలంటే ముందే అక్కడి ప్రభుత్వ అనుమతి తీసుకోవాలి. డంపర్ సీట్లో ఏళ్ల తరబడి కుదుపులు తిన్నవాడి సంచీలో నొప్పి బిళ్లలు లేకుండా ఉంటాయా? మిగతా మందులైనా డాక్టరు చీటీతో, కొన్నప్పటి అట్టతో సహా ఉంచుకోవాలి. పేపరులో చుట్టిన విడి బిళ్లలు వద్దే వద్దు. పక్కింటివాళ్లు "మావాడికి కూడా ఈ పొట్లం ఇచ్చెయ్ నాయనా" అంటే, వాళ్ల ముందే విప్పి చూసుకోమంటాను. చాలామందికి ఇక్కడ మొహమాటం అడ్డొస్తుంది. సంచీ ఎవరి చేతిలో ఉంటే అందులో సరుకుకు జవాబు చెప్పాల్సింది వాళ్లేనని పొట్లం ఇచ్చినావిడకూ చెప్పేస్తే సరి.

గల్ఫ్‌లో ఇంకోటి, వాట్సాప్‌లో బూతు. ఇక్కడ బస్టాండులో అరుచుకుని అక్కడే మర్చిపోయే మాటకు యూఏఈలో సైబర్ నేరాల చట్టం కింద కేసు పెట్టొచ్చు. ముక్కూమొహం తెలియనివాళ్ల ఫొటో అడక్కుండా తీసి గ్రూపులో పెట్టినా అంతే.

అమెరికా పోయే పెద్దవాళ్ల గొడవ వేరు. ఆవకాయ గురించి దిగులుపడక్కర్లేదు, గట్టిగా సీలు చేసుకుంటే చాలు. నాటుకోడి పచ్చడి, మటన్ పచ్చడి, పెరట్లో కోసిన కరివేపాకు మాత్రం రానివ్వరు. కరివేపాకు మీద కోపమెందుకంటే, నిమ్మజాతి చెట్లను చంపే తెగులు మోసే పురుగు దాని మీద కూడా బతుకుతుంది. తినేవి ఏమున్నా కస్టమ్స్ దగ్గర ఉన్నాయని చెప్పెయ్యాలి. పనికిరానివి తీసి పారేస్తారు, అక్కడితో అయిపోతుంది. లేవని చెప్పి దొరికితే జరిమానా. వీసా ముద్ర పదేళ్లకు పడింది కదా అని పదేళ్లూ ఉండిపోవచ్చనుకునేవాళ్లు కూడా నాకు తగిలారు. ఎన్నాళ్లు ఉండొచ్చో దిగినచోట అధికారి తేలుస్తాడు, మామూలుగా ఆరు నెలలిస్తారు. ఆ తేదీ ఐ-94 అనే రికార్డులో ఉంటుంది. అల్లుడి చేత మొదటి రోజే దాన్ని తీయించి చూసుకోవాలి. దారిలో పోలీసు కారు ఆపితే మనకు చప్పున దిగి ఎదురెళ్లి నమస్కారం పెట్టడం అలవాటు. అక్కడ దిగకూడదు. కూర్చున్నచోటే, చేతులు కనబడేట్టు ఉండాలి.

"తెలియక చేశానంటే వదిలెయ్యరా సార్?" అని అడిగేవాళ్లకు పరదేశం దాకా పోకుండా మన ఊరి ఉదాహరణే చెప్తాను. ఇది ఏజెన్సీ. 1/70 చట్టం అమల్లో ఉన్న నేల. షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరులు భూమి కొంటే చెల్లదని 1970లోనే తేల్చేశారు, అమ్మేది గిరిజనేతరుడైనా సరే. అయినా మైదానం నుంచి వచ్చినవాళ్లు తెల్లకాగితం మీద ప్లాటు రాయించుకుంటూనే ఉంటారు. రిజిస్ట్రేషన్ ఉండదు, బ్యాంకు అప్పివ్వదు, రేపు ఆఫీసు నుంచి నోటీసు వస్తే చూపించడానికి ఏమీ ఉండదు. తెలియదంటే చట్టం ఊరుకుందా? ఖమ్మం నుంచి మణుగూరు వచ్చినవాడికే ఇలా ఉంటే, సముద్రాలు దాటిపోయినవాడికి మాఫీ ఎవరిస్తారు?

ఇవన్నీ అయ్యాకే మర్యాదలు. వాటికి నేను ఎక్కువసేపు పెట్టను. అరబ్బుల ఇంట్లో చిన్న గిన్నెలో గహ్వా పోస్తారు. చాలనుకుంటే గిన్నెను అటూ ఇటూ కదపాలి, లేకపోతే పోస్తూనే ఉంటారు. కుడిచేత్తో పుచ్చుకోవాలి, అది మనకు కొత్తేమీ కాదు. థాయ్‌లాండ్‌లో పసిపిల్లల తల మీద చెయ్యి పెట్టకూడదు. దీవించడానికి చెయ్యి ముందుకొచ్చే మన పెద్దవాళ్లకు ఇది కొంచెం కష్టమే. అమెరికాలో పక్కింటాయన జీతం, అతని కొడుక్కి పెళ్లెందుకు కాలేదన్నది అడక్కూడదు. మా కాలనీలో పలకరింపు మొదలయ్యేదే ఆ రెండు ప్రశ్నలతో! ఇవి తప్పినా కొంపలేమీ మునగవు, కొత్తవాళ్లని సర్దుకుంటారు.

అసలు అతిథిగా ఎలా ఉండాలో నేర్చుకోవడానికి మనకు గోదావరి గట్టే పెద్ద బడి. భద్రాచలం, పర్ణశాల చూసుకుని అటునుంచి అడవిలోకి పోయే కార్లను గమనించండి. కోయగూడెంలో దిగుతూనే ఫోన్ బయటికి వస్తుంది. వాగులో నీళ్లు పట్టుకునే ఆడవాళ్లను అడగరు, గూడెం పెద్ద ఎవరో కనుక్కోరు, కొలుపు జరిగేచోటికి చెప్పులతో పోతారు, ఇప్పసారా ఎక్కడ దొరుకుతుందని పిల్లల్ని అడుగుతారు. వానలకు ముందు విత్తనాల పండుగ రోజుల్లో చింతూరు వైపు పోతే, మగవాళ్లు వేటకు పోయి ఉంటారు, ఆడవాళ్లు రోడ్డుకు అడ్డం నిలబడి ఆడిపాడి పండుగ డబ్బులడుగుతారు. దాన్ని దారిదోపిడీ అనుకుని హారన్లు కొట్టి, వీడియోలు తీసి తిట్టేవాళ్లను చూశాను. నాలుగు రూపాయలిచ్చి నవ్వితే పోయేదానికి!

ఇదే గోదావరి మీద పాపికొండల్లోకి ఒక పరాయి దేశస్థుడు వచ్చాడు. ఆస్ట్రియా నుంచి వచ్చిన హైమన్‌డార్ఫ్. రెండో ప్రపంచయుద్ధ కాలంలో ఆంగ్లేయుల లెక్కలో ఆయన శత్రుదేశపు మనిషి, నిజాం రాష్ట్రం దాటి తిరగడానికి వీల్లేదు. అలాంటి స్థితిలో కొండరెడ్ల మధ్య ఉండి, వాళ్ల పోడు, వాళ్ల దేవతలు, వాళ్ల పెళ్లిళ్లు చూసి రాసిన పుస్తకం 1945లో వచ్చింది. ఆయన రాసిన ప్రతిదీ ఒప్పుకోనక్కర్లేదు. కానీ నెలల తరబడి కూర్చుని చూడ్డానికి ఓపిక కావాలి. గూడెంలో అరగంట ఉండి అంతా అర్థమైందనేవాళ్లకు ఆ సంగతి చెప్తుంటాను.

ఇంతకీ నేను గల్ఫూ చూడలేదు, అమెరికా చూడలేదు. సలహాలన్నీ వచ్చినవాళ్లను అడిగి పోగేసినవే. అందులో ఒక కిటుకు ఉంది. "ఎట్లా ఉంది అక్కడ?" అంటే అందరూ బాగుందనే అంటారు. "నిన్నెవరైనా ఆపారా? ఎప్పుడు వింతగా చూశారు?" అని అడగాలి, అప్పుడు సరుకు బయటికొస్తుంది. ఇరవై ఏళ్లుగా అక్కడున్నవాడి కంటే ఆరు నెలల క్రితం పోయినవాడి మాట ఎక్కువ పనికొస్తుంది. పాతవాడికి మొదటి రోజు ఏం కంగారు పెట్టిందో గుర్తుండదు. మీ బంధువుల్లో అలాంటి కొత్తవాడు ఒకడుంటే ఈ కాలమ్ పక్కన పెట్టి వాడికి ఫోన్ చెయ్యండి.

చివరిగా గల్ఫ్ పోయే కుర్రాళ్ల తల్లిదండ్రులకు ఒక్క మాట. విజిట్ వీసా మీద పంపి అక్కడ పనిలో పెడతాననే ఏజెంటును గుమ్మం ఎక్కనివ్వకండి. పదో తరగతి పాసుకానివాళ్ల పాస్‌పోర్టుకు ఈసీఆర్ ఉంటుంది, అంటే పనికి పోయేముందు ప్రభుత్వ అనుమతి కావాలని. ఈసీఆర్ జాబితాలోని 18 దేశాల్లో పనికి పోవాలంటే ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్లో ఆ అనుమతి రావాలి, 10 లక్షల రూపాయల బీమా చేయించుకోవాలి. ఏజెంటుకు కేంద్ర ప్రభుత్వ రిజిస్ట్రేషన్ ఉందో లేదో కూడా ఆ పోర్టల్లోనే కనబడుతుంది. రిజిస్టరైన ఏజెంటు తీసుకోదగిన ఫీజు జీఎస్టీ కాక 30 వేల రూపాయలకు మించకూడదు. లక్షల్లో అడిగినా, రసీదు ఇవ్వనన్నా, ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి.