చెమట పట్టకముందే

చలి ప్రదేశానికి బయల్దేరుతుంటే మన ఇళ్లలో మొదట వినపడే మాట "స్వెట్టర్ పెట్టుకున్నావా?" అనే. కశ్మీర్‌లోని గుల్మార్గ్‌లో స్కీయింగ్ నేర్చుకుంటానని ఎవరైనా చెబితే నేను మాత్రం లోపలి బనీను గురించి అడుగుతాను. ఒంటిని తాకే ఆ మొదటి గుడ్డ నూలుదైతే, పైన ఎంత ఖరీదైన జాకెట్ ఉన్నా మధ్యాహ్నానికి వణుకు మొదలవుతుంది.

నూలును తక్కువ చేయడం కాదిది. గుంటూరు ఎండలో నూలు చొక్కాను మించిన సుఖం లేదు. చెమటను పీల్చుకుంటుంది, ఆ తడి నెమ్మదిగా ఆరుతూ ఒంట్లోని వేడిని పట్టుకుపోతుంది. మే నెలలో మనల్ని కాపాడే ఈ గుణమే జనవరి మంచులో మన మీదికి తిరగబడుతుంది. గాలి కంటే నీరు ఇరవై రెట్లకు పైగా వేగంగా వేడిని లాగేస్తుంది. తడిసిన నూలు బనీనుతో మంచు కొండ మీద నిలబడితే, అసలు బనీను లేకపోవడమే మేలనిపిస్తుంది.

మామూలు చలికి ఒక మందపాటి కోటు చాలు. స్కీయింగ్‌కు చాలదు, ఎందుకంటే ఇందులో ఒళ్లు కాగడం, గడ్డకట్టడం గంటలో పలుమార్లు జరుగుతాయి. గుల్మార్గ్ సుమారు 2,650 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడి కేబుల్ కారు, గండోలా, రెండో దశలో అఫర్వత్ కొండ మీద 3,900 మీటర్లు దాటి దింపుతుంది. వెయ్యి మీటర్లు ఎక్కితే ఆరు డిగ్రీలకు పైగా వేడి తగ్గుతుంది కాబట్టి, కింద టీ తాగిన ఉదయమే పైన ఎనిమిది డిగ్రీల తేడా. అక్కడ గాలికి ఎదురుగా నిలబడి బూట్లు బిగించుకోవాలి. తర్వాత జారడం మొదలైతే తొడలు మండుతాయి, గుండె వేగం అందుకుంటుంది, వీపు తడుస్తుంది. దిగాక మళ్లీ కదలకుండా లిఫ్టులో కూర్చోవాలి. అందరికంటే ఎక్కువ చెమట పట్టేది కొత్తవాళ్లకే. పడటం, లేవడం, స్కీలు అడ్డంగా పెట్టుకుంటూ వాలు ఎక్కడం, వీటిలో ఉన్న శ్రమ నైపుణ్యంతో కిందికి జారిపోయేవాళ్లకు ఉండదు.

అందుకే పొరలు. లోపల ఒంటికి పట్టినట్టుండే ఉన్ని లేదా పాలిస్టర్ థర్మల్స్, చెమటను చర్మం మీద నుంచి బయటికి తోసేయడానికి. ఉన్ని మరీ మంచిది. తన బరువులో దాదాపు మూడో వంతు తేమ పీల్చుకున్నా తడి తెలియనివ్వదు. మధ్యలో ఫ్లీస్, లేదా ఈకలు కూరిన పల్చటి జాకెట్. నిజానికి వెచ్చదనం ఇచ్చేది ఫ్లీసూ కాదు, ఈకలూ కాదు. వాటి మధ్య కదలకుండా చిక్కుకున్న గాలి. ఒంట్లో పుట్టిన వేడిని ఆ గాలి బయటికి పోనివ్వదు. ఈకలు తడిస్తే ముద్దకట్టి ఆ గాలి కాస్తా పోతుంది. పైన గాలినీ మంచునీ ఆపే షెల్. 1969లో బాబ్ గోర్ టెఫ్లాన్‌ను వేడిచేసి ఒక్క ఉదుటున సాగదీస్తే, నీటి బొట్టును ఆపి ఆవిరిని వదిలే సూక్ష్మ రంధ్రాల పొర తయారైంది. దాన్నుంచి వచ్చిందే గోర్‌టెక్స్.

కొత్త గుడ్డలు వచ్చాయి గానీ ఆలోచన మాత్రం పాతదే. నార్వే అన్వేషకుడు రోఆల్డ్ అముండ్సెన్ 1903 నుంచి 1905 దాకా కెనడా ఉత్తరపు కొసన నెట్‌సిలిక్ ఇన్యూట్‌ల పక్కన ఉండి వాళ్ల ఉడుపు నేర్చుకున్నాడు. లోపలి తోలుకు బొచ్చు ఒంటి వైపు, బయటి తోలుకు బొచ్చు బయటి వైపు. రెండూ వదులుగా, మధ్యలో గాలి ఆడేలా. 1911 డిసెంబర్ 14న దక్షిణ ధ్రువం చేరిన అతని బృందంలో ఆ విద్య ఉంది, స్కీలూ ఉన్నాయి. 1924లో ఎవరెస్ట్ మీద మరణించిన జార్జ్ మాలరీ దేహం 1999లో దొరికినప్పుడు, దాని మీద పట్టు, నూలు, ఉన్ని పల్చటి పొరలు ఒకదాని మీద ఒకటి కనిపించాయి. అలాంటి దుస్తులనే మళ్లీ కుట్టించి 2006లో ఎవరెస్ట్ దగ్గర తొడిగి చూస్తే, బాగానే పనికొచ్చాయి. కశ్మీరీలు తొడిగే ఫెరన్ వదులులో ఉన్నదీ ఈ తెలివే అని నా నమ్మకం.

వేసుకోవడం ఎవరికైనా వస్తుంది. తీయడమే నేర్చుకోవాలి. గుల్మార్గ్‌లో కశ్మీరీ శిక్షకులు వాలు మొదట్లో ఏం చేస్తారో చూడటం నాకిష్టం. కదలకముందే మెడ దగ్గర జిప్పు దించుతారు, చంకల కింద జిప్పులు తెరుస్తారు. మొదటి రెండు నిమిషాలూ కాస్త చలేస్తుంది, వేయాలి కూడా. చెమట పట్టాక విప్పితే అప్పటికే ఆలస్యం. లిఫ్టు దగ్గర ఆగగానే, ఒళ్లు ఇంకా వేడిగా ఉండగానే మళ్లీ బిగిస్తారు.

గుల్మార్గ్ దారిలోని టంగ్‌మార్గ్‌లో అద్దెకిచ్చే పొడవాటి కోట్లు మంచు చూసి రావడానికి బాగుంటాయి. వాటితో స్కీయింగ్ వద్దు. వంగనివ్వవు, ఆవిరి పోనివ్వవు. డబ్బు పరిమితమైతే ముందు మంచి థర్మల్స్, గ్లౌజులు కొనండి. షెల్ తర్వాత చూసుకోవచ్చు. సాక్సులు మాత్రం ఒక్క జతే, అదీ పల్చటిదే. రెండు జతలు వేస్తే స్కీ బూటులో పాదం నలిగి రక్తం సరిగా ఆడదు, వేళ్లు ఇంకా చల్లబడతాయి. ఇది చెబితే మనవాళ్లు నమ్మరు. ఒక్కరోజు వేసుకుని చూడమంటాను.

పిల్లల్ని తీసుకెళ్తే ఇంకొంచెం జాగ్రత్త కావాలి. ఆటలో పడితే వాళ్లు చలి సంగతీ చెప్పరు, ఉక్క సంగతీ చెప్పరు. చేతులు చల్లగా తగిలాయని ఇంకో స్వెట్టర్ తొడిగేస్తాం మనం. చేతుల్ని కాదు, కాలర్ లోపల మెడ వెనక తడిమి చూడండి. పొడిగా వెచ్చగా ఉంటే అలాగే వదిలేయండి. తడి తగిలితే మధ్య పొర తీసేసి ఆడనివ్వండి. భోజనానికి ఆగినప్పుడు సంచిలోంచి పొడి బనీను తీసి మార్చండి. బనీను మార్చాక ఆ ఫ్లీస్ మళ్లీ వేయొచ్చు.