హేవంశమూలము

స్కాట్లండునందలి ఎర్రోలు ప్రభువులగు హేవంశీయుల మూలపురుషుఁ డొక కర్షకుఁడని ప్రతీతి. లంకర్టీ యుద్ధమున డేనులకు వెఱచి పాఱుచున్న స్కాట్లసేనను, చేరువపొలమున దున్నుచున్న యతఁడును గొడుకు లిరువురును గాడిమ్రాఁకులతో నడ్డగించి మరలించిరఁట! రాజు మెచ్చి, డేగ యెగిరినంత నేల నొసఁగెనఁట.

ఈ కథను విపులముగా వ్రాసినవాఁడు హెక్టరు బోయీసు. అతని లాటినుచరిత్రము 1527లో వెలువడినది. యుద్ధమో, పదవ శతాబ్దిదని చెప్పఁబడుచున్నది. నడుమ నైదువందల యేండ్ల యెడము!

దానపత్రములు వేఱుగాఁ బలుకుచున్నవి. విలియము రాజు (1165-1214) వలన ఎర్రోలును బడసిన విలియము ద హయ రాజుగారి పానపాత్రాధికారి, నార్మనుఁడు. ఇంటిపేరే నార్మండీలోని 'లా హే' యను స్థలనామమును దెలుపును. సామాన్యమూలమును గల్పించుకొనిన ప్రభువంశము లరుదు. అయినను దున్నువాఁడు స్వదేశీయుఁడు, నార్మనుఁడు పరదేశీయుఁడు. కల్పనకుఁ గారణ మదియే కావచ్చును. వంశచిహ్నమునఁ గాడి మోయువారు నిలిచియున్నారు గదా యందురేని, వారు కథనుండి పుట్టినవారే కాని కథకు సాక్షులు గారు.