మణికట్టు దారి, తొడ దారి

గుండె నాళంలో అడ్డు పడిందని తెలిశాక ఇంటివాళ్లు డాక్టరును అడిగేవి సాధారణంగా రెండే: ప్రాణానికి భయముందా, ఖర్చెంత అవుతుంది అని. స్టెంట్ చేతి నుంచి వేస్తారా, తొడ నుంచి వేస్తారా అన్నది డాక్టరు చూసుకునే సంగతి అనుకుంటారు. దేవరకొండ నుంచో అచ్చంపేట నుంచో హైదరాబాదు వచ్చి, రెండు మూడు రోజుల్లో బస్సెక్కి వెళ్లిపోయే మనిషికి ఆ సంగతి చాలా ముఖ్యమని నా వాదన. గుండె దగ్గర జరిగే పని రెండు దారుల్లోనూ ఒకటే. గొట్టం బయటికి తీశాకే తేడా మొదలవుతుంది. రక్తం కారితే ఎక్కడ కారుతుంది, ఎవరి కంట పడుతుంది అన్నదే అసలు లెక్క.

తొడ మొదట్లో, గజ్జలో ఉన్న ధమని ఆరేడు మిల్లీమీటర్ల వెడల్పుంటుంది. సూది గుచ్చి, దానిలోంచి తీగ పంపి, తీగ మీదుగా గొట్టం ఎక్కించే పద్ధతిని స్వీడన్ వైద్యుడు సెల్డింగర్ 1953లో ప్రకటించాడు. సూది తొడ ఎముక తలకు ఎదురుగా పడాలి. అప్పుడే తరువాత ఎముకకు అదిమి రక్తం ఆపగలం. కాస్త పైకి పడితే రక్తం పొట్ట వెనక చేరవచ్చు. పైకి ఏమీ కనిపించదు, బీపీ పడిపోయాకే తెలుస్తుంది. కిందికి పడితే ధమని పక్కన రక్తం నిండిన ఉబ్బు తయారు కావచ్చు. అందుకే గంటల తరబడి కాలు కదపకుండా పడుకోబెడతారు. మణికట్టు ధమని రెండు, రెండున్నర మిల్లీమీటర్లే. కానీ చర్మం కిందే, ఎముక మీదే ఉంటుంది. బొటనవేలితో అదిమితే రక్తం ఆగుతుంది. 1989లో మాంట్రియల్‌లో కాంపో అనే వైద్యుడు ఈ దారిన యాంజియోగ్రామ్‌లు చేసి చూపాడు. 1992లో ఆమ్‌స్టర్‌డామ్‌లో కీమెనెయ్ అనే వైద్యుడు బెలూన్ చికిత్సకూ దీన్నే వాడాడు. సన్నని నాళం బిగుసుకుపోకుండా వెరాపమిల్ లేదా నైట్రోగ్లిజరిన్, మూసుకుపోకుండా హెపారిన్ ఇస్తారు. చివర కట్టే బ్యాండు రక్తం కారడం ఆగేంత వరకే బిగించాలి, లోపలి ప్రవాహం ఆగకూడదు. ఈ పని తెలిసిన నర్సు విలువ డాక్టరు నేర్పుకు ఏమాత్రం తీసిపోదు.

2011లో వెలువడిన రైవల్ పరిశోధనలో 7,021 మందిని చూస్తే, తీవ్రమైన నాళ సమస్యలు తొడ దారిలో 3.7 శాతం, చేతి దారిలో 1.4 శాతం. 2015 నాటి మ్యాట్రిక్స్‌లో 8,404 మందిలో మరణాలు కూడా చేతి దారిలోనే తక్కువ. 2020లో కెనడా నుంచి వచ్చిన సఫారీ పరిశోధన మరణాల్లో తేడా లేదంది, నిజమే. అయితే అది ముందుగానే ఆగిపోయింది. పైగా అక్కడ తొడ దారిలో చేయి తిరిగిన నిపుణులు పనిచేశారు. ప్రాణాల లెక్క సమానమనే అనుకుందాం. అప్పుడూ చేతి దారికి, గొట్టం తీసిన కాసేపటికే లేచి కూర్చోవడం, తనంతట తాను బాత్రూముకు వెళ్లడం మిగులుతాయి. 2007లో ప్రభుత్వ ఆరోగ్యశ్రీ పథకం తొలుత మొదలైన జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. దానితో ఆపరేషన్ బిల్లు భారం తగ్గింది. కానీ రోగికీ, తోడుగా వచ్చినవాళ్లకూ పోయిన కూలి ఇంటివాళ్ల లెక్కలోనే ఉంటుంది.

చేతిపనే బతుకుతెరువైన గీత కార్మికుడు, పోచంపల్లి నేతగాడు, గద్వాల నేతగాడు “చెయ్యి పోతే?” అని భయపడటం సహజం. అరచేతికి రెండు ధమనులు రక్తం ఇస్తాయి, లోపల ఒకదానితో ఒకటి కలుస్తాయి. కొందరిలో మణికట్టు ధమని మూసుకుపోయినా, చాలావరకు రెండోది చేతిని కాపాడుతుంది. నాకు ఇంతకన్నా బలంగా కనిపించే అభ్యంతరం వేరే ఉంది. మహాధమనిలో వేసే పెద్ద స్టెంట్‌లు ఇంత సన్నని నాళంలో పట్టవు. బీడీ, సిగరెట్లతో పూడిన కాలి నాళాలకు మణికట్టు నుంచి పొడవు చాలని పరికరాలే ఎక్కువ. భుజం దగ్గర నాళం మెలికలు తిరిగినవారిలోనూ దారి మార్చక తప్పదు; రైవల్‌లోనే చేతి దారి నుంచి 7.6 శాతం మందిని మళ్లించారు. చేతి దారికే అలవాటుపడిన డాక్టరు అత్యవసరంగా గజ్జను ఆశ్రయిస్తే పొరపాట్లు జరిగే ప్రమాదముంది. కనుక శిక్షణలో తొడ దారిని వదిలేయకూడదు, అల్ట్రాసౌండ్‌తో చూస్తూ సూది వేయడం నేర్పాలి.

కిడ్నీలు దెబ్బతిన్నవారి విషయంలో నా మొగ్గు కూడా మారుతుంది. రేపు డయాలసిస్ అవసరమైతే ధమనిని సిరతో కలిపే ఫిస్టులా చేయడానికి మొదట వెతికేది మణికట్టు దగ్గరి ధమనినే. ఇవాళ గుండె కోసం దాన్ని గాయపరిస్తే రేపటి దారి మూసుకుపోవచ్చు. షుగర్, బీపీలతో క్రియాటినిన్ పెరిగిన రోగి ఆ రిపోర్టు కాగితాన్ని యాంజియోగ్రామ్‌కు ముందే డాక్టరు ముందుంచి, ఏ దారిన వెళ్తున్నారో, ఎందుకో అడగాలి.