వేగమునకు కొలబద్ద: గుణదోషములు

విశాఖపట్టణములోని జాలరిపేటనుండి తెల్లవారకముందే పడవలు వేటకు బయలుదేరును. పడవ ఒడ్డు విడిచిన పిమ్మట చేరిన సముద్రవార్త ఎంత సరియైనదైనను ఆనాటికి అక్కరకు రాదు. సముద్రవార్తలను అందించుటకు 1999లో హైదరాబాదున భారత జాతీయ సముద్ర సమాచార సేవా కేంద్రము ఏర్పడినది. సముద్రగర్భపు ఉష్ణోగ్రతను, లవణీయతను తెలిసికొనుటకు ఆ సంస్థ ఒక కనిష్ఠ సమస్యను సాధించినది. నమూనా ఊహించిన విలువలకును, తేలు పరికరములు కొలిచిన విలువలకును ఏకకాలమున వీలైనంత చేరువగా ఉండు చిత్రమును వెదకుటయే ఆ సమస్య. ఇట్టి సమస్యలను సాధించు ప్రోగ్రాములకు వేగము అలంకారము కాదు, అవసరము.

అయితే ఏ ప్రోగ్రాము వేగవంతమైనదో చెప్పుట ఎట్లు? సగటు కాలము మోసగించును. పది సమస్యలున్నవనుకొందము. మొదటి ప్రోగ్రాము తొమ్మిదింటిని ఒక్కొక్క సెకనులోను, పదవదానిని 100 సెకనులలోను సాధించినది. రెండవది తొమ్మిదింటికి మూడేసి సెకనులు, పదవదానికి 50 సెకనులు తీసికొన్నది. మొత్తములు 109, 77. తొమ్మిదింట మూడురెట్లు ఆలస్యమైనదానినే సగటు మెచ్చును!

2002లో ఎలిజబెత్ డోలన్, హోర్హే మోరే ప్రతిపాదించిన పద్ధతి ఈ అన్యాయమును తొలగించినది. ప్రతి సమస్యలోను ముందుగా ముగించినదానితో తక్కినవానిని పోల్చి, అవి ఎన్నిరెట్లు ఆలస్యమైనవో చూతురు. రెండు రెట్లలోపల ఎన్ని సమస్యలు తెమలినవి, మూడు రెట్లలోపల ఎన్ని తెమలినవి అనుదానిని గీతగా గీయుదురు. గీత ఎడమకొన వేగమును, కుడికొన నమ్మదగినతనమును తెలుపును. సాధింపలేక విడిచిన సమస్యలుకూడ లెక్కకు వచ్చుట దీని గొప్ప సుగుణము.

లోపములు రెండు. మొదటిదానిని 2016లో నికొలస్ గూల్డ్, జెనిఫర్ స్కాట్ చూపిరి. మూడు ప్రోగ్రాములను పోల్చునపుడు, ముందున్నదానిని తొలగించినచో మిగిలిన రెండింటి వరుస తారుమారు కావచ్చును. పందెములో మొదటి తెప్పను ఒడ్డుకు లాగగానే వెనుకవాని స్థానములు మారినట్లుండును. కావున రెండేసి ప్రోగ్రాములనే పోల్చి చూడవలెను.

రెండవ లోపము ఇంకను పెద్దది. ఈ గీత ఆలస్యమెంతో చెప్పునుగాని ఎందువలననో చెప్పదు. వేటనుండి పడవ ఆలస్యముగా వచ్చినది. ఇంజను బలహీనమా, దారి చుట్టా, గంప నిండినను ఇంకను వల వేయుచుండెనా? ప్రోగ్రాములోను ఇంతే. ఒక్కొక్క అడుగుకు పట్టు కాలము ఎక్కువా, అడుగులే ఎక్కువా, ఆగవలసినచోట ఆగలేదా అని విడివిడిగా లెక్కింపవలెను. అడుగులు ఎక్కువైనచో పెద్ద యంత్రము కొనుటకంటె చలరాశుల కొలమానములను సవరించుట మేలు. 1952లో హెస్టెనెస్, స్టీఫెల్ ప్రకటించిన సంయుగ్మ ప్రవణత పద్ధతిలో, అత్యధిక, అత్యల్ప వక్రతల నిష్పత్తి 10,000 నుండి 100కు తగ్గినచో అడుగుల గరిష్ఠ అంచనా సుమారు పదవవంతగును. ఇక పరికరము డిగ్రీలో వందవవంతువరకే కొలుచునపుడు, లెక్కను పదిలక్షలవవంతువరకు సాగదీయుట కాలహరణము.

డోలన్, మోరేల పద్ధతి మంచి తూకపురాయి. వైద్యుడు మాత్రము కాదు. వార్త పడవకంటె ముందు ఒడ్డు చేరవలెనన్న తూచుటతో ఆగక, జాప్యమునకు కారణమును వెదకుటయు తప్పదు.